గురక ఆగితే బీపీ దిగుతుందా? నిద్ర గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంటాయనకు 52 ఏండ్లు. బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నాడు, ఒక్క పూట కూడా తప్పడు. అయినా 156/98 దగ్గరే ఉంటోంది. రాత్రి గురక పక్కింటికి వినిపిస్తుంది. మధ్యలో గురక ఆగిపోతుంది, కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటాడు. పొద్దున లేస్తానే తలనొప్పి అంటాడు. మాత్రలు మార్పించాల్నా?
— ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మాత్రల కంటే ముందు ఆ గురక సంగతి తేల్చుకోవాలమ్మా. గురక మధ్యలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి లేవడం, పొద్దున తలనొప్పి, వీటికి తోడు మూడు మందులకూ లొంగని బీపీ. ఇవన్నీ ఒక్క మనిషిలో కలిస్తే స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు) ఉందేమోనని అనుమానించాల్సిందే.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో గాలిదారి పూర్తిగా మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి ఒంట్లోకి అడ్రినలిన్‌ను వదిలిస్తుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా ఎగుస్తాయి. మనిషి సగం మేలుకుని గాలి పీల్చుకుని మళ్ళీ పడుకుంటాడు, పొద్దునకు అదేమీ గుర్తుండదు. మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. రాత్రంతా ఇలా ఎగుస్తూ ఉంటే ఆ విశ్రాంతి ఉండదు, పగలు కూడా బీపీ దిగదు.

ముందు ఇంట్లో బీపీ సరిగ్గా కొలవండి. టీ తాగి, బీడీ కాల్చి అరగంటైనా కాకుండా చూస్తే అంకె తప్పుతుంది. ఒంటికి పోసుకొని రమ్మనండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్ళీ రాత్రి, ఇట్లా ఏడు రోజులు చూడండి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85, ఆ పైన ఉంటే ఎక్కువే. మీ ఆయన లావు మనిషైతే చేతి చుట్టుకొలత టేపుతో చూడండి. చాలా మిషన్లతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే. అంతకంటే లావు చేతికి ఆ పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది.

అప్పుడు ఊపిరితిత్తుల డాక్టరును గానీ చెవి-ముక్కు-గొంతు డాక్టరును గానీ కలవండి. వెళ్ళేముందు మీ ఫోన్‌లో ఆయన గురకను, ఊపిరి ఆగిన క్షణాలను అయిదు నిమిషాలు వీడియో తీసుకోండి. రోగి మాట కంటే అది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. స్లీప్ స్టడీలో (రాత్రి నిద్రపోతుండగా చేసే పరీక్షలో) గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, సన్నగిల్లుతోందో లెక్కిస్తారు. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

తీవ్రంగా ఉంటే సీప్యాప్ మిషన్ రాస్తారు. అది ముక్కులోకి గాలిని ఒత్తిడితో పంపి దారి మూసుకోకుండా నిలబెడుతుంది. చాలామంది కొన్నాళ్ళకే దాన్ని మూలన పెట్టేస్తారు. మాస్క్ వదులై గాలి కారుతుంది, లేదా నోరు ఎండిపోతుంది. మాస్క్ పట్టీలను కూర్చుని కాదు, పడుకుని సరిచూసుకోవాలి. మిషన్‌కున్న తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. మన బోరు నీళ్ళు పోస్తే వారానికే తెల్లటి సున్నపు పొర కడుతుంది. దుమ్ము ఎక్కువ కాబట్టి కడిగే రకం ఫిల్టరైతే వారానికోసారి కడిగి ఆరబెట్టండి. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్‌కు కలపండి. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా పెట్టుకోవాలి, నిద్రపోయినంతసేపూ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మిషన్‌తో బీపీ సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే. మొండి బీపీ ఉన్నవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి మాత్రలు మానడానికి లేదు. పక్కకు తిరిగి పడుకోవడం (బనియన్ వీపు మీద జేబు కుట్టించి బంతి పెడితే వెల్లకిలా తిరగరు), బరువులో పదో వంతు తగ్గడం, రాత్రిపూట మద్యం మానడం, ఈ మూడూ తోడైతే మార్పు ఇంకా బాగా కనిపిస్తుంది. మద్యం గొంతును ఇంకా వదులు చేస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏండ్లు. రాత్రి తొమ్మిదికే పడుకుంటాను, అయిదున్నరకు లేస్తాను. నిద్ర మాత్రం అయిదు గంటలు దాటదు. ఒంటికి మూడుసార్లు లేస్తాను. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను. బీపీ 148/90.
— ఒక రిటైర్డ్ టీచరమ్మ, అనంతపురం

జవాబు: మీరు మంచం మీద ఎనిమిదిన్నర గంటలు ఉంటున్నారు, నిద్ర అయిదే. ఆ మూడున్నర గంటల దొర్లాటే మంచమంటే మెలకువ అని మెదడుకు నేర్పుతోంది. కొన్ని వారాలు మంచం మీద ఉండే సమయాన్ని తగ్గించండి. లేచేది అయిదున్నరకే, ఆదివారమైనా సరే. పడుకునేది మాత్రం పదకొండున్నరకు. పగటి నిద్ర మానలేకపోతే మూడింటి లోపు ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. నిద్ర పట్టక ఇరవై నిమిషాలైందని అనిపిస్తే లేచి వేరే గదిలో, తక్కువ వెలుతురులో కూర్చోండి. గడియారం చూడొద్దు. ఆరు గంటల్లో అయిదు గంటల పైన నిద్ర వారంపాటు పడితే, పడుకునే వేళను పావుగంట ముందుకు, అంటే పదకొండుంబావుకు, జరపండి. మొదటి వారం పగలు కళ్ళు మూతలు పడతాయి, స్కూటీ నడపొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్ళు ఈ పద్ధతిని డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఇక ఒంటికి లేవడం. మీ బీపీ మాత్రల్లో నీళ్ళ మాత్ర (క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి) ఉందేమో చూసి, రాత్రి వేసుకుంటుంటే పొద్దునకు మార్చమని డాక్టరును అడగండి. బీపీ మాత్రలు రాత్రి వేసుకుంటేనే గుండెకు మేలన్న మాట నిలబడలేదు. 2022లో బ్రిటన్‌లో 21 వేల మందిపై చేసిన పరిశోధనలో పొద్దునకూ రాత్రికీ తేడా తేలలేదు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో పాదాలు వాస్తుంటే పగలు కాళ్ళలో చేరిన నీరు పడుకున్నాక మూత్రంగా దిగుతుంది. సాయంత్రం ఒక గంట కాళ్ళు ఎత్తి పెట్టుకోండి. షుగర్ పరీక్ష ఒకటి చేయించండి. అనంతపురం ఎండలో నీళ్ళు తగ్గించొద్దు, ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపే తాగేయండి.

రాత్రి సంగట్లోకి ఊరగాయ, అప్పడం మానండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరగడమే కాదు, రాత్రి మూత్రమూ పెరుగుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత టీ వద్దు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది.

ఎండాకాలంలో మిద్దె పగలంతా పీల్చిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. పైన తెల్లసున్నం కొట్టిస్తే గది చల్లబడుతుంది. కూలర్‌ను కిటికీ ముందు పెట్టి, ఎదుటి కిటికీ తెరవాలి. తలుపులన్నీ మూసి పెడితే ఉక్కపోత పెరుగుతుంది.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నైట్ షిఫ్టు వారం బీపీ పెరుగుతోంది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?
— ఒక కార్మికుడు, కడప జిల్లా

జవాబు: షిఫ్టు మారినా మాత్ర వేళ మారకూడదు. రోజూ ఒకే గంటకు వేసుకోండి. నైట్ షిఫ్టులో టీ మొదటి సగంలోనే ఆపేయండి. ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, గది చీకటిగా ఉంచండి. ఏకబిగిన ఏడు గంటలు పట్టకపోతే పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట, మళ్ళీ సాయంత్రం రెండు గంటలు పడుకోండి. బీపీ నిద్ర లేచాక చూడండి, షిఫ్టు దిగిన వెంటనే కాదు.

ప్రశ్న: నిద్రకు మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలామ్ కొని ఆరు నెలలుగా వేసుకుంటున్నాను. మానేయమంటారా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. గురక ఉంటే ఈ మాత్ర ఊపిరి ఆగడాన్ని ఇంకా పెంచగలదు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. జలుబు మాత్రల్లోని ఫినైలెఫ్రిన్, నొప్పుల మాత్రల్లోని డైక్లోఫెనాక్ కూడా బీపీని పెంచగలవు. అవీ వాడుతుంటే చీటీ రాసుకుని తీసుకెళ్ళండి. బీపీ 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం ఏదైనా కనిపిస్తే మాత్రం ఉదయం దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.