ఫార్మాట్ కొట్టించారో, కేసు కూడా చెరిగిపోతుంది

ప్రశ్న: అమ్మతో ఫోన్లో మాట్లాడినవి, చెల్లికి వాట్సాప్‌లో పెట్టినవి మా ఆయన రాత్రికల్లా నాకే అప్పజెబుతున్నారు. ఏడు నెలలుగా నరకం. ఫోన్ ఆయన పేరునే కొన్నారు. సెట్టింగ్స్‌లో నేను వేసుకోని యాప్ ఒకటి కనిపించింది. ఫార్మాట్ కొడితే పోతుందని షాపు అబ్బాయి అంటున్నాడు. కొట్టించనా? కేసు నిలుస్తుందా? ఈ ఫోన్ నుంచే రాస్తున్నాను.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కొట్టించవద్దు. యాప్ ఉందని చూపిస్తే చాలదమ్మా, దాన్ని పెట్టింది ఆయనేనని తేలాలి. ఏ రోజు ఎక్కింది, సమాచారం ఏ ఖాతాకు పోతోంది అన్న ఆనవాళ్లు ఆ ఫోన్లోనే ఉంటాయి. అవి పోతే మిగిలేది మీ మాట మీద ఆయన మాట.

బిల్లు ఆయన పేరున ఉందని టెన్షన్ పడకండి. యజమాని అనుమతి లేకుండా ఫోన్లో చొరబడటంపై ఉన్న ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు పెడితే ఆయన ‘నా ఫోనే, నా ఇష్టం’ అని వాదించవచ్చు. భారతీయ న్యాయ సంహిత 78లో ఆ పప్పులు ఉడకవు. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై మగవాడు నిఘా పెడితే అది స్టాకింగ్ (వెంటాడి వేధించడం), మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. భర్తకు మినహాయింపు లేదు. అయితే ఇలాంటి నేరాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు మూడేళ్లే. లాగిన్ రికార్డులు అన్నాళ్లు కూడా ఆగవు. ఏడు నెలలు ఊరికే పోగొట్టారు! పైగా ఆ ఫోన్ నుంచే నాకు రాశారు. ఇది ఆయన చదివే ఉంటారు.

ఇవాళే మరొకరి ఫోన్‌తో మీ స్క్రీన్‌ను వీడియో తీయండి: ఆ యాప్ పేరు, సెట్టింగ్స్‌లో ఏ యాప్‌కు ఏ అధికారం ఉందో చూపే యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ పేజీలు, మీ వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో చూపే లింక్డ్ డివైసెస్. ఆ వీడియో కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, తీసిన ఫోన్‌నూ జాగ్రత్త చేయండి. తర్వాత సిమ్ తీసి, ఫోన్ ఆపేసి, సైబర్ క్రైమ్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. షీ టీమ్‌కూ వెళ్లవచ్చు. కక్షకొద్దీ ఆయన ఫోన్లో మీరూ ఓ యాప్ ఎక్కించారో, ముద్దాయి మీరవుతారు.

ఇంట్లో భయంగా ఉంటే గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగండి, క్రిమినల్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. ఫోన్ తీసుకున్నట్టు పోలీసులు రాసే పంచనామా కాపీ చేతికి రాకుండా ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, షాపు అబ్బాయికి అసలే వద్దు.