హాల్లో పరుపు సంగతి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు రోజులని వచ్చిన నీ రూమ్మేట్ స్నేహితురాలు ఆరో వారం వచ్చినా కదలలేదనీ, ఇప్పుడు శని ఆదివారాలు ఆమె తమ్ముడు కూడా వచ్చి హాల్లో పరుపు వేసుకుంటున్నాడనీ రాశావు. ఆ తర్వాత మూడు పేజీల నిండా ఆ అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ మోత, కుర్చీల మీద ఆరేసిన బట్టలు, ఎప్పుడు చూసినా గడియ పెట్టి ఉండే బాత్రూము. నీ రూమ్మేట్‌తో నువ్వేమన్నావో మాత్రం ఎక్కడా లేదు. ఏమీ అనలేదన్నమాట.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ మరో ఇద్దరితో కలిసి అద్దె ఇంట్లో ఉన్నాను. వాళ్ళలో ఒకావిడకు చెల్లెలి వరస అయ్యే పిల్ల, పరీక్ష రాయడానికని చుట్టపుచూపుగా వచ్చి పది వారాలు తిష్ఠ వేసింది. మొహమాటంతో నోరు విప్పలేదు నేను. పోనీ, ఊరుకున్నానా? గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. కరెంటు బిల్లు వచ్చిన రోజు అందరికీ వినబడేలా నిట్టూర్చేదాన్ని. ఆ పిల్లను పలకరించడం మానేశాను. చివరికి ఒకరోజు ఆ పిల్లే నా దగ్గరికి వచ్చి, "అక్కా, రెండో వారం నుంచి నా వంతు డబ్బు ఇస్తూనే ఉన్నాను కదా, నా మీద ఎందుకంత కోపం?" అని అడిగింది. ఇస్తున్నది ఎవరికి? మా రూమ్మేట్‌కి. ఆవిడ ఆ డబ్బు పుచ్చుకుని, మాకు ముక్కయినా చెప్పకుండా, తన వంతు అద్దెలో జమ వేసుకుంటోంది. మేమందరం ఒప్పుకున్నామనే ఆ పిల్ల నమ్మింది. ఎవరి మీద కోపం చూపాలో వాళ్ళను వదిలేసి, పది వారాలు ఏ పాపమూ తెలియని పిల్లను సాధించాను. ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అందుకని నువ్వు ఆ స్నేహితురాలి జోలికి వెళ్ళకు. ఆమెను పిలిచిందీ, ఉండనిచ్చిందీ నీ రూమ్మేట్. అడగవలసింది ఆవిడనే, అదీ ఆ అమ్మాయి ఇంట్లో లేనప్పుడు. మీతో ఉండే మూడో అమ్మాయి మనసులో ఏముందో ముందుగా కనుక్కో. కానీ ఇద్దరూ కలిసి వెళ్ళకండి, పంచాయితీ పెట్టినట్టు ఉంటుంది.

మాట్లాడే ముందు అద్దె ఒప్పందం బయటికి తియ్యి. సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని ఎవరూ చదవరు. అతిథులు ఎన్ని రోజుల వరకు ఉండవచ్చో కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది. యజమాని అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకు ఇవ్వకూడదని చాలావాటిలో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం సంతకాలు ఎవరివన్నది. ముగ్గురూ ఒకే కాగితం మీద ఉమ్మడిగా సంతకం చేసి ఉంటే, సాధారణంగా అద్దెకైనా నష్టానికైనా ఒక్కొక్కరూ పూర్తి బాధ్యులే. ఆ తమ్ముడు తలుపు విరగ్గొట్టినా డిపాజిట్‌లో కోత ముగ్గురికీ పడుతుంది. అలా కాకుండా ఆవిడ ఒక్కతే సంతకం చేసి తర్వాత మిమ్మల్ని చేర్చుకుని ఉంటే, అడిగే హక్కు నీకు ఉన్నా బలం తక్కువ. అది తెలుసుకునే మాట్లాడు.

ఇంకొకటి. సర్దుబాటు పేరుతో ఆ అమ్మాయి దగ్గర నేరుగా అద్దె డబ్బు తీసుకోవద్దు. కొన్నిచోట్ల చాలాకాలం ఉండి డబ్బు కూడా కడుతున్న మనిషిని చట్టం అతిథిగా చూడదు, అద్దెదారుగా చూస్తుంది. అప్పుడు వెళ్ళమనడానికి నోటీసు, గడువు అన్నీ కావలసి వస్తాయి. మీరుండే చోట ఎలా ఉందో ఒకసారి కనుక్కో.

ఇక ఏమనాలి? నేనైతే ఇలా అంటాను: "ఈ మాట మూడో వారంలోనే చెప్పవలసింది, చెప్పలేదు, అది నా పొరపాటు. ఇంట్లో మనిషి పెరిగేసరికి నాకు ఇబ్బందిగా ఉంది. ఆమె ఏ తేదీకి వెళ్తుంది?" అంతే. ఆ అమ్మాయి గుణగణాలు ఎత్తవద్దు, హెయిర్ డ్రయ్యర్ ఊసు అసలే వద్దు. నువ్వు అడుగుతున్నది తేదీ. "త్వరలో", "ఉద్యోగం దొరకగానే" అన్నవి తేదీలు కావు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని కాసేపు మాట్లాడకపోతే, నువ్వు కంగారుపడి "పరవాలేదులే" అనేస్తావేమో, జాగ్రత్త. మన ఇంటి ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. మీ అమ్మకు మరీ ఎక్కువ.

తమ్ముడి విషయం వేరు. పరిచయం లేని మగమనిషి హాల్లో పడుకుంటే రాత్రి మంచినీళ్ళకు లేవడానికి కూడా భయంగా ఉందని రాశావు. దానికి తేదీల బేరం అక్కర్లేదు. ఈ వారం నుంచే రాత్రుళ్ళు ఉండకూడదని చెప్పు. అతను మంచివాడా కాదా అన్న చర్చలోకి దిగకు. నీ ఇంట్లో నీకు నిద్ర పట్టడం లేదు, ఆ కారణం చాలు.

ఇక స్నేహితురాలి గురించి నీ రూమ్మేట్ "పాపం, తనకి వెళ్ళడానికి చోటు లేదు" అంటుంది. నిజమే కావచ్చు. అప్పుడు దారులు రెండే. ఆమెకు మీరందరూ ఒప్పుకున్న ఒక గడువు పెట్టడం, లేదా యజమాని చేత రాతపూర్వకంగా ఒప్పించుకుని ఆమెను నాలుగో మనిషిగా చేర్చుకుని అద్దెను నాలుగు వంతులు చేసుకోవడం. రెండోది నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని అను. వంకలు వెతకవద్దు.

బిల్లులకు నేను తర్వాత నేర్చుకున్న లెక్క ఒకటి ఉంది. మనుషుల్ని కాదు, మనిషి ఉన్న రోజుల్ని లెక్కపెట్టాలి. 30 రోజుల నెలలో మీ ముగ్గురివీ 90, స్నేహితురాలివి 30, తమ్ముడివి 8, మొత్తం 128. కరెంటు, నీళ్ళు, గ్యాసు 128 పాళ్ళు చేస్తే అందులో తనవీ తన అతిథులవీ కలిపి 68 నీ రూమ్మేట్‌వి, మీ ఇద్దరివీ చెరి 30. ఇంటర్నెట్‌కి ఈ లెక్క పెట్టకు, ఎంతమంది వాడినా దాని బిల్లు మారదు. పోయిన నెలల బాకీ కూడా తవ్వకు. తవ్వితే తేదీ సంగతి మరుగున పడి డబ్బు తగువు మిగులుతుంది.

అనుకున్నదంతా అదే రోజు ఆవిడకు చిన్న మెసేజ్‌గా పంపు, "మనం ఇలా అనుకున్నాం కదా" అని. ఆ అమ్మాయికి ఇంటి తాళంచెవి ఇంకొకటి చేయించి ఇచ్చి ఉంటే, వెళ్ళే రోజున అది వెనక్కి రావాలని కూడా అందులో రాయి. నేను అది మరిచిపోయి తర్వాత తాళమే మార్పించుకున్నాను. యజమాని దగ్గరికి మాత్రం ఇప్పుడే పరుగెత్తకు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టవుతుంది. ఒప్పందం ఉమ్మడిది అయితే ఆ గొడ్డలి నీ మీదా పడవచ్చు. తేదీ దాటిపోయి, మళ్ళీ అడిగినా ఫలితం లేకపోతే అప్పుడు, అదీ ఆవిడకు ముందు చెప్పి.

ఇకముందు ఎవరి అతిథులైనా నెలకు ఇన్ని రాత్రులే అని ముగ్గురూ కూర్చుని ఒక అంకె అనుకోండి. ఆ అంకె నీకూ వర్తిస్తుంది సుమా. పోయినసారి నీ చెల్లెలు వచ్చి తొమ్మిది రోజులు ఉంది. అప్పుడు ఆ రూమ్మేటే తన మంచం దానికిచ్చి తాను కింద పడుకుందని తిరిగి వచ్చాక నీ చెల్లెలే నాతో చెప్పింది. ఆవిడతో మాట మొదలుపెట్టేది అక్కడి నుంచే అయితే బాగుంటుందేమో ఆలోచించు.

నువ్వు మాట్లాడే రోజు ఫోను పక్కనే పెట్టుకుని ఉంటాను.

మీ పెద్దమ్మ