మలేషియా ముస్లిం దేశం కదా, మా వాడు ఉండగలడా?

ప్రశ్న: మా అబ్బాయికి మలేషియాలో, పెనాంగ్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అది ముస్లిం దేశమట, దీపం పెట్టుకోనిస్తారా, తిండి మాటేమిటి అని మా అత్తగారు ఒకటే గోల. నాకూ టెన్షన్‌గానే ఉంది.
– ఒక తల్లి, కాశీబుగ్గ

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఇస్లాం అక్కడ అధికార మతమే, కానీ 2020 జనాభా లెక్కల్లో ముస్లింలు 63.5 శాతం. మిగతావాళ్లు బౌద్ధులు, క్రైస్తవులు, హిందువులు. షరియా కోర్టులు ముస్లింలకే వర్తిస్తాయి, మీ వాడు ఇంట్లో దీపం పెట్టుకుంటే అడిగేవాడు లేడు. పెనాంగ్‌లో అయితే మలయ్‌వాళ్లు, చైనా మూలాలవాళ్లు ఇంచుమించు సమానం, సుబ్రహ్మణ్యస్వామి పండుగ తైపూసం రోజున అక్కడ సెలవు కూడా, కావడులు మోసే జనాన్ని చూస్తే మన సిరిమాను సంబరమే గుర్తొస్తుంది.

తిండికి మామక్ కొట్లున్నాయి. తమిళ ముస్లింలు నడిపేవి, చాలావరకు అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటాయి. పిండిముద్దను గాల్లో తిప్పి పల్చగా సాగదీసి, పెనం మీద కాల్చి, పప్పుకూరతో ఇస్తారు, దాన్ని రొటీ చనాయ్ అంటారు. పక్కనే ఒకతను టీని పై మగ్గులోంచి కింది మగ్గులోకి బారెడు ఎత్తు నుంచి పోస్తూ నురగ తెప్పిస్తుంటాడు. ఒకే బల్ల దగ్గర మలయ్, హొక్కియెన్ (చైనా మూలాలవాళ్ల భాష), తమిళం, ఇంగ్లిష్ అన్నీ వినిపిస్తాయి. మీ వాడు నాలుగు మలయ్ ముక్కలు నేర్చుకుని వెళ్తే చాలు, ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చేయొచ్చు.

రంజాన్ నెలలో పగటిపూట ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట తినకపోవడం మర్యాద. ఇంకోటి, అక్కడి ముస్లిం అమ్మాయిని పెళ్లాడాలంటే మతం మారాల్సిందే. ఈ మాట మీ వాడి చెవిన ముందే వేసెయ్యండి!

ప్రశ్న: అక్కడ మన తెలుగువాళ్లు నిజంగా ఉన్నారా సార్?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: ఉన్నారు బాబూ, అదీ బ్రిటిష్ కాలం నుంచి. పాత విశాఖ జిల్లా నుంచి, అంటే మీ వైపు నుంచే, చాలామంది రబ్బరు, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్లారు. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ (పాత పేరు బగాన్ దాతో) వాళ్లు ఎక్కువగా స్థిరపడిన చోటు. 1955లోనే సంఘం పెట్టుకున్నారు, 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. ప్రభుత్వం నడిపే ప్రాథమిక బడులు మాత్రం మలయ్, చైనీస్, తమిళ మాధ్యమాల్లోనే, అందుకే చాలా ఇళ్లలో పిల్లలు తమిళమో మలయో మాట్లాడతారు, తెలుగు అవ్వా తాతల దగ్గర ఆగిపోయింది.