ఎడారి రాష్ట్రానికి ట్రౌట్ ఏంటి అంటే...

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం అంటే ఎండ, ముళ్ల చెట్లు కదా, దానికి చన్నీళ్లలో బతికే ట్రౌట్ రాష్ట్ర చేప ఎలా అయింది, అసలు దొరుకుతుందా, తినొచ్చా అని అడిగారు. దొరుకుతుంది. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, నాకూ మొదట్లో ఇదే డౌటు.

పేరు అపాచీ ట్రౌట్. రాష్ట్రానికి తూర్పున వైట్ మౌంటెన్స్ అని కొండలున్నాయి, ఆ వాగులే దీని పుట్టిల్లు, ప్రపంచంలో ఇంకెక్కడిదీ కాదు. పోయిన ఆగస్టులో ఇంటి దగ్గర 44 డిగ్రీలుంటే నాలుగు గంటలు కారు నడిపి ఆ కొండల్లోని గ్రీర్ అనే ఊరి వైపు వెళ్లాం, దిగగానే పిల్లలు స్వెటర్లు అడిగారు. అక్కడ లిటిల్ కొలరాడో నది అంటారు గానీ మన పిల్లకాలువంతే ఉంటుంది. గాలానికి ముందు పడ్డవి మూడూ రెయిన్‌బో ట్రౌట్‌లే, పక్కన గులాబీ చార ఉంటుంది. నాలుగోది పైకి తీయగానే తేడా తెలిసిపోయింది: పసుపు, బంగారం కలిసిన ఒళ్లు, మిరియాలు చల్లినట్టు చుక్కలు, కంట్లో నల్లగుడ్డుకి అటూ ఇటూ చెరో నల్ల మచ్చ, చూస్తే కంటికి అడ్డంగా కాటుక గీసినట్టే ఉంది. చేతులు తడుపుకుని పట్టుకున్నా (పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది), ఫోటో తీసి వదిలేశా. నిజం చెప్పాలంటే అది కూడా హేచరీలో పెంచి వదిలిందే అయ్యుండొచ్చు.

దీన్ని రాష్ట్ర చేప అనడం 1986లో మొదలైంది గానీ, కాపాడింది మాత్రం అంతకు చాలా ముందు, అక్కడి ఆదివాసులైన వైట్ మౌంటెన్ అపాచీ తెగవాళ్లు. 1955లోనే తమ భూముల్లో ఈ చేప మిగిలిన వాగుల్లో వేట ఆపేశారు. ప్రభుత్వం అంతరించిపోయే జాబితాలో పెట్టింది 1967లో, తీసేసింది 2024లో. అసలు ముప్పు బయటి నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్‌లది. రెయిన్‌బో దీనితో జతకట్టి జాతిని సంకరం చేసేస్తుంది, బ్రౌన్ ట్రౌట్ పిల్లల్ని తినేస్తుంది. అందుకే వాగుకి అడ్డంగా చిన్న గోడలు కట్టి, పైభాగంలో బయటివాటిని ఏరేసి, దీన్నొక్కదాన్నే ఉంచుతున్నారు. ఆ గోడల పని ఎప్పటికీ తీరేది కాదు, వరదలకు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక్కడో తమాషా ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కదా, దాని కుటుంబం మొత్తాన్నీ అమెరికా 2002లో హానికర జీవుల జాబితాలో పెట్టింది, ప్రాణంతో తీసుకురావడం నేరం. మన దగ్గర కిలోకి ఎంతైనా ఇచ్చి కొనే చేప ఇక్కడ రౌడీ అన్నమాట!

వెళ్తే ఒకటి చూసుకోండి. నేను రాష్ట్ర లైసెన్స్ ఒక్కటే కొని తెగ భూముల వైపు బయల్దేరాను, దారిలో ఎరలమ్మే ఆయన ఆపి చెప్పాడు కాబట్టి సరిపోయింది. అక్కడ తెగవాళ్ల పర్మిట్ విడిగా తీసుకోవాలి. అపాచీని ఉంచుకోవచ్చా లేదా అన్నది ఒక్కో వాగుకి ఒక్కో రూలు, ముందే చూసుకోండి. తినాలనుంటే రెయిన్‌బో తినండి, పులుసు మాత్రం వద్దు, ముక్క విడిపోతుంది, ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేయించండి.