ముందు స్విచ్ వెయ్యకు

అమలాపురం

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పాలకొల్లులో రైసు మిల్లు గుమాస్తాగారి అటక మీంచి పాత 486 సీపీయూ, అదే 486 చిప్పున్న కంప్యూటర్ డబ్బా, దింపించావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. 1981 నాటి ఐబీఎం 5150, అదే ఐబీఎం తొలి పీసీ, కావాలని వేలకు వేలు పొయ్యడం కన్నా, మన ఊళ్లో పనిచేసిన మెషినే నయం. కానీ ఇది చదివేదాకా దాన్ని కరెంటుకు తగిలించకు.

ముందు మూత విప్పి, మదర్‌బోర్డు (లోపలుండే పెద్ద సర్క్యూట్ పలక) మీద చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉందేమో చూడు. 386 (486కి ముందు వచ్చిన చిప్పు), 486 కాలంలో తేదీ, సెట్టింగులు గుర్తుండడానికి చాలా బోర్డులకు నికెల్ కాడ్మియం బ్యాటరీని సోల్డర్ చేసేవారు. ఏళ్లు గడిస్తే అది కారి, రాగి గీతల్ని తినేస్తుంది. నేను డాస్ (కమాండ్లు టైపు చేసి కంప్యూటర్‌ని నడిపే పాత పద్ధతి) నేర్చుకున్న 386ని గుడ్డ కప్పి పదేళ్లు దాచాను. విప్పి చూస్తే కీబోర్డు పిన్ను పెట్టేచోటంతా పచ్చటి చిలుము. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. నీదానికి బ్యాటరీ ఉంటే కత్తిరించి తీసెయ్. చిలుము పడితే దూదితో వెనిగర్ అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వు.

పవర్ సప్లై డబ్బా, పాత మానిటర్ వెనక భాగం మాత్రం నువ్వు విప్పకు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. టీవీలు బాగుచేసిన పాతకాలం మెకానిక్‌కి చూపించు.

మన గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నూలు గుడ్డ కప్పి బల్ల మీద, ఎండ తగలనిచోట పెట్టు. ఎండకు ప్లాస్టిక్ పసుపెక్కుతుంది.

ఫ్లాపీల (ఫైళ్లు దాచుకునే పాతకాలం పల్చటి డిస్కుల) మీద తెల్లటి బూజు మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టకు, వాటిని చదివే హెడ్ పాడై తర్వాతి ఫ్లాపీ కూడా పోతుంది. బాగున్నవాటిలో ఐదుంపావు అంగుళాలవైతే పక్కనున్న గాడిని స్టిక్కరుతో మూసి, ఆ తర్వాతే కాపీ తియ్యి. అలా చేస్తే పొరపాటున వాటి మీద ఏమీ రాయబడదు.

వీటన్నిటికన్నా ముందు గుమాస్తాగారి దగ్గర కూర్చో. ధాన్యం లెక్కలు దేంట్లో వేసేవారు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద బిల్లులు ఎన్ని కాపీలు తీసేవారు, 1996 నవంబరు 6 తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో పద్దులు ఎలా నడిపారు, అన్నీ అడిగి తేదీ వేసి రాసుకో. ఆయన గొంతు రికార్డు చెయ్యి.

ఆదివారం పొద్దున్నే బస్సుకు వస్తాను. స్క్రూడ్రైవర్లు, దూది నేను తెస్తాను. ఆయన ఆరోజు ఇంట్లో ఉంటారేమో కనుక్కో.

మీ పెదనాన్న