స్టెల్త్ విమానానికి విలువ కట్టేటప్పుడు

సైనిక్‌పురి, హైదరాబాద్

చిన్నీ,

సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నావని, గ్రూప్ డిస్కషన్‌లో స్టెల్త్ విమానాల టాపిక్ వస్తే ఏ వైపు మాట్లాడాలో తేలక టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఏ వైపన్నది తర్వాత చూద్దాం, ముందు లెక్క తెలుసుకో.

స్టెల్త్ విమానం రాడార్‌కు కనిపించదని టీవీల్లో చెప్పేస్తుంటారు. కనిపిస్తుంది, కాకపోతే బాగా దగ్గరికొచ్చాక. రాడార్ తరంగం వెళ్లేటప్పుడూ పలచబడుతుంది, తగిలి తిరిగొచ్చేటప్పుడూ పలచబడుతుంది. అందుకే దూరం ఇక్కడ నాలుగో ఘాతంలో పడుతుంది. విమానం నుంచి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని 16వ వంతుకు తగ్గించినా, దాన్ని పసిగట్టే దూరం సగానికే తగ్గుతుంది. పదివేలో వంతుకు తగ్గిస్తే దూరం పదో వంతు అవుతుంది. అంటే 300 కిలోమీటర్ల దగ్గర దొరికిపోవాల్సిన విమానం 30 దాకా వచ్చేస్తుంది. నువ్వే కాగితం మీద వేసి చూసుకో. అన్ని వేల కోట్లు పోసి కొనేది ఆ మధ్యలోని 270 కిలోమీటర్లనే. ఆ దూరంతో ఏం సాధిస్తాం, అదే పని ఇంకో దారిలో చవగ్గా అవుతుందా అని అడగడం నేర్చుకో.

1999 మార్చి 27 రాత్రి సెర్బియాలో అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 ఎలా కూలిందో బాగా చదువు. కూల్చింది ఎస్-125 మిసైల్, మన దగ్గర పెచోరా అంటాం. నా సర్వీసులో ఎక్కువ భాగం దానితోనే గడిచింది కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పగలను. ట్రక్కు మీద పాతకాలం టీవీ యాంటెన్నాల్లాంటి కడ్డీలు వరుసగా నిలబెట్టిన పీ-18 రాడార్ దాన్ని ముందు పసిగట్టింది. దాని తరంగం పొడవు దాదాపు 2 మీటర్లు. ఎఫ్-117 ఆకారాన్ని చదును పలకలుగా మలిచింది మిసైళ్లను గురిపెట్టే రాడార్ల సెంటీమీటర్ల తరంగాలను దారి మళ్లించడానికి. పెద్ద తరంగం ముందు ఆ పలకల పనితనం అంతగా చెల్లదు. అలాగని పీ-18 ఒక్కటీ ఉంటే సరిపోదు, అది ఏదో వస్తోందని చెప్తుందే గానీ మిసైల్‌ను గురిపెట్టేంత కచ్చితంగా చూపలేదు. సెర్బులు గురి రాడార్‌ను కొన్ని సెకన్లే ఆన్ చేసి, విమానం బాగా దగ్గరికొచ్చాక కొట్టారు. అవతల అమెరికన్లు రోజూ ఇంచుమించు అవే దారుల్లో వచ్చారు. స్టెల్త్ ఉందన్న ధీమా ప్లానింగ్‌లో బద్ధకంగా మారింది. నువ్వు పట్టుకోవాల్సింది అక్కడ.

2025 జూన్‌లో ఇరాన్ మీద అమెరికా స్టెల్త్ బాంబర్లు ఏడు బీ-2లు 14 భారీ బాంబులు వేశాయి. స్టెల్త్ గొప్పదనానికి ఉదాహరణగా అందరూ ఇదే ఎత్తుతారు. కానీ ఆ ఆపరేషన్‌లో మొత్తం 125కు పైగా విమానాలు పాల్గొన్నాయి. అంతకుముందే ఇజ్రాయెల్ రోజుల తరబడి ఇరాన్ రాడార్లను, మిసైల్ బ్యాటరీలను కొట్టి ఉంచింది. శత్రు రాడార్లను గందరగోళపెట్టే జామింగ్, గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్లు, ముందస్తు దాడులు అన్నీ కలిస్తేనే స్టెల్త్ తన విలువ చూపిస్తుంది.

ఖర్చు గురించి క్లుప్తంగా చెప్తాను. బీ-2లు 21 మాత్రమే తయారయ్యాయి, అభివృద్ధి ఖర్చు కలిపితే ఒక్కోటీ సుమారు 200 కోట్ల డాలర్లు. పై పూతకు నిత్యం మరమ్మతు కావాలి. ఆయుధాలు లోపలి అరలో పట్టినన్నే, రెక్కల కింద తగిలిస్తే స్టెల్త్ పోయినట్టే.

మన సంగతికొస్తే, మనం సొంతంగా తయారు చేస్తున్న స్టెల్త్ యుద్ధవిమానం ఆమ్కా డిజైన్, అభివృద్ధికి 2024 మార్చిలో 15,000 కోట్లు మంజూరయ్యాయి. చైనా స్టెల్త్ యుద్ధవిమానం జే-20 2017 నుంచే సర్వీసులో ఉంది, కాబట్టి ఆమ్కా మనకు కావాల్సిందే. కానీ మిగ్-21 రిటైరయ్యాక మన దగ్గర మిగిలింది 29 యుద్ధవిమానాల స్క్వాడ్రన్లు, అంటే దళాలు, ఉండాల్సింది 42. ఆమ్కా వచ్చేదాకా ఆ లోటు అలాగే వదిలేయకూడదు. తేజస్‌లు, గాల్లో ఎగిరే రాడార్లయిన అవాక్స్ విమానాలు, దూరం కొట్టే మిసైళ్లు ముందు నిండాలి. ఇది నా అభిప్రాయం, నువ్వు ఒప్పుకోకపోయినా పర్లేదు, కారణం మాత్రం చెప్పగలగాలి.

డ్రోన్లొచ్చాక స్టెల్త్ పనైపోయిందని ఎవరో ఒకరు అంటారు. 2025 జూన్ 1న ట్రక్కుల్లో దాచి తెచ్చిన ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా బాంబర్లను కాల్చిన సంగతీ ఎత్తుతారు. ఆ బాంబర్లు నేల మీద, ఆరుబయట నిలబడి ఉన్నాయని గుర్తు చెయ్యి. దాన్నిబట్టి తేలేది మనకు గట్టి షెల్టర్లు, ఎయిర్‌బేస్ కాపలా కావాలని. గొంతు పెంచకుండా, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాక ఆ మాట చెప్పు.

నాలుగో ఘాతం లెక్క తేలకపోతే ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న