మోకు లేని కథ

నాయనా,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. చింతకాయలు దులపడానికి ఎక్కిన కూలీ కాలు విరిగి నలభై అడుగుల ఎత్తున కొమ్మల పంగలో చిక్కుకుంటే, నీ కథానాయకుడు చెట్టెక్కి, అతణ్ని భుజాన వేసుకుని నాలుగు వాక్యాల్లో నేలకు చేర్చాడు. అక్కడ నాకు కోపం వచ్చింది. రెండు చేతులూ కొమ్మలకే చాలని చింతచెట్టును భుజాన మనిషితో ఎవరూ దిగలేరు.

2005లో మన రాష్ట్రానికి 108 నంబరు అంబులెన్సులు రాకముందు, చంద్రగిరి దగ్గర ఒక తోపులో అలాంటి మనిషిని దించడం నేను కళ్లారా చూశాను. చెట్లను గుత్తకు తీసుకున్న ఆసామి కూలీలే ఆ పని చేశారు. ఒకతను పైకెక్కి, దెబ్బతిన్నవాడిని కదిలించకుండా, నెత్తురు కారుతున్న చోట తువ్వాలుతో అదిమిపట్టి, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడించాడు. తరువాత చంకల కిందా తొడల కిందా తాడు కట్టాడు. ఒక్క ఛాతీకే బిగిస్తే బరువంతా అక్కడే పడి ఊపిరాడదని వాళ్లకు తెలుసు. ఆ లావుపాటి తాడును, అంటే మోకును, పైనున్న గట్టి పంగ మీదుగా వేసి, రెండో కొసను పక్క చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పారు. ఆ రాపిడి ఆసరాతోనే ఒక ముసలాయన, ఒక్కడే, జానెడు జానెడుగా మోకు వదులుతూ నిండు మనిషిని నులకమంచం మీదికి దించాడు. పైనున్నతను పక్కనే దిగుతూ, విరిగిన కాలు కొమ్మలకు తగలకుండా చేయి అడ్డం పెట్టాడు. చుట్లు తిప్పిన చోట బెరడు ఒరుసుకుపోయి లోపలి పచ్చిదనం బయటపడింది.

దాన్ని కథగా రాసి పంపితే, ఒక వారపత్రిక సంపాదకుడు మోకు ఉన్న పేరాలన్నీ కొట్టేసి, ఏడుపులు మాత్రం అచ్చువేశాడు. పాఠకుడికి తాడు ఎందుకని ఉత్తరం కూడా రాశాడు. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. కూలీ బాధ మీద పేజీలకు పేజీలు రాసి, అతని చేతిలోని దోటిని, కాయలు దులిపే ఆ పొడవాటి గడను, ఒక్కసారైనా చూడనివాళ్లకు ఇప్పుడు బహుమతులు వస్తున్నాయి. ఆ బాధంతా మోకు పట్టుకున్న చేతుల్లోనే ఉంది, నాయనా.

నీ కథ ఈ కాలానిది. కింద పదిమంది ఉన్నా అగ్నిమాపక దళం 101కి గానీ అంబులెన్సు 108కి గానీ ఒక్కరూ ఫోన్ చేయరు. కరెంటు తీగ కొమ్మకు ఆనుకుని ఉందని మొదటి పేజీలో నువ్వే రాశావు, సరఫరా ఆపించకుండానే మరో మనిషిని ఎక్కించావు.

పోటీకి పంపాలా అని అడిగావు. ముందు ఈ మోకు సంగతి తేలాలి. కాయలు దులిపే రోజుల్లో పలమనేరు వైపు వెళ్లి, ఒక రోజంతా చెట్టు కింద కూర్చో, అడిగి ఆ మోకును చేత్తో పట్టుకుని చూడు. తరువాత ఆ నాలుగు వాక్యాల చోటు మళ్లీ రాసి పంపు. ఆ కూలీ భార్య చెట్టు కింద అతని చెప్పులను గుండెకు హత్తుకుని నిలబడిందన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఆశీస్సులతో.